రెండు వేళ్ళ బట్ట

అమ్మ మూట కట్టడం ఆపలేదు.

చారల ఉన్ని దుప్పటి మంచం మీద పరిచింది. మధ్యలో రెండు లంగాలు, ఒక శాలువా, మోకాళ్ళకి రాసుకునే మందు సీసా, నాన్న ఫొటో పెట్టింది. నాలుగు కొసలూ ఎత్తి ముడి వేసింది. మళ్ళీ విప్పి, ఫొటోని శాలువాలో చుట్టి లోపల పెట్టింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. ముడి బిగించడానికి ఒక కొసని పళ్ళతో పట్టుకుంది.

"మూడు గంటల బస్సుకి ఇంకా చాలా టైముంది," అన్నాను గుమ్మంలో నిలబడి.

"బస్టాండులో కూచుంటాను."

"ఇక్కడ కూచుంటే ఏం పోయింది?"

"ఇక్కడ నా మొహం చూసి ఒక పిల్ల మూడు రోజులుగా తిండి మానేసింది. అది పోయింది, చాలదా?"

వంటింట్లోంచి నోల్ఫా గొంతు వినిపించింది. "వెళ్ళనీ అక్కా. వెళ్తానన్న మనిషికి అడ్డం పడకు."

నోల్ఫా నా చెల్లెలు, తిండి మానేసిన ఆ పిల్ల యెర్కాకి తల్లి. రాగిగనిలో ఇల్లంత లారీ తోలుతుంది. ఏడు రోజులు గని మీద, ఏడు రోజులు ఇంట్లో. నిన్న సాయంత్రం దిగి వచ్చేసరికి ఇల్లు ఇలా ఉంది. సంగతంతా నిలబడే వింది. అప్పటినుంచీ ప్రతి గిన్నెనీ చప్పుడు వచ్చేలా కింద పెడుతోంది.

అమ్మ మూట ఎత్తుకుని వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద పతాస్కా ఉడుకుతోంది. మొక్కజొన్న గింజలు పగిలి, మాంసం ఎముక వదిలేసే వాసన వస్తోంది. అది యెర్కాకి ఇష్టమని అమ్మే పొద్దున్న ఎక్కించింది. ఆ పిల్ల ముట్టుకోదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

"ఒక్క మాట అడుగుతాను, చెప్పి వెళ్ళు," అంది నోల్ఫా. "అది స్కూలు పందెం బండి. పిల్లలు రెండేళ్ళు కష్టపడి కట్టుకున్నది. మీ ఊళ్ళో మందలోని లామా పిల్ల అనుకున్నావా, చెవికి ఉన్ని కుచ్చు కట్టి సారా చల్లడానికి?"

"రోడ్డెక్కేది ఏదైనా ఒకటే."

"ఊరినిండా బండ్లున్నాయి. అందరూ చల్లే తోలుతున్నారా?"

"అందరి గొడవ నాకెందుకు? నాకు ఒక్క బండి సంగతి తెలుసు."

నోల్ఫా చేతిలో గరిటె ఆగిపోయింది.

మా ఇంట్లో ఆ ఒక్క బండి సంగతి ఎవరూ ఎత్తరు. ఆరేళ్ళ కిందట నోల్ఫా మొగుడు రుపెర్తో కొత్త లారీ కొన్నాడు. మా వాళ్ళలో కొత్త బండికి చయ్యా చెయ్యకుండా రోడ్డెక్కించరు. నాలుగు చక్రాల దగ్గరా వైన్, ముందు భాగానికి బీరు, పైన రంగు కాగితాల ముక్కలు, చివరి చుక్క భూమితల్లికి. అమ్మ సీసాలతో వాకిట్లోకి వచ్చేసరికి రుపెర్తో ఇంజన్ స్టార్టు చేశాడు. "సరుకు ఆలస్యమవుతోంది, వచ్చాక చేద్దువుగాని అత్తా" అన్నాడు. పక్కన నిలబడ్డ నోల్ఫా "ఆ వైన్ ఏదో నాకు పొయ్యి, నేనైనా చల్లబడతాను" అని నవ్వింది. తొకొపీయా రేవుకి దిగే దారిలో, మూడో మలుపు దగ్గర లారీ లోయలోకి పోయింది. ఇప్పుడు ఆ మలుపులో రుపెర్తో పేరుతో దీపం పెట్టే చిన్న గూడు ఉంది. దాన్ని దాటే లారీవాళ్ళు హారన్ కొట్టి పోతారు.

"అను," అంది నోల్ఫా. "ఆగిపోయావేం? రుపెర్తో పేరెత్తు. ఆ రోజు నవ్వింది నేనేనని కూడా అను."

"నేనెప్పుడైనా అన్నానా?"

"అనక్కర్లేదు. ఆరేళ్ళుగా నువ్వు నన్ను చూసే చూపు చాలు."

అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి మంట కొంచెం తగ్గించి, మూట తీసుకుని పెరట్లోకి నడిచింది.

పెరట్లో బల్లి ఉంది. ఎండలో పడి కాచుకునేది కాబట్టి పిల్లలు బండికి ఆ పేరు పెట్టారు. మూడు చక్రాలు, నేలకి ఆనినట్టుండే పొట్ట, భుజం ఎత్తుకి ఉబ్బిన ఒళ్ళు, వీపంతా నల్లటి సోలార్ పలకలు. సీటు, బెల్టులు కుట్టించుకోవడానికి వారం కిందట మా ఇంట్లో పెట్టి వెళ్ళారు. నాకు ఊళ్ళో కుట్టుపనికి పేరుంది. చర్చిలో అమ్మవారి పండక్కి నాట్యం చేసే గుంపుల బట్టలన్నీ నేనే కుడతాను.

రేపు తెల్లవారగానే బండిని లారీ ఎక్కించి అంతొఫగాస్తా తీసుకెళ్ళాలి. సోమవారం తనిఖీ, మంగళవారం పందెం. సముద్రం ఒడ్డున బయల్దేరి ఎడారిలో ఎక్కుతూ ఎక్కుతూ మా కలామా దాకా రావాలి. తోలేది మా యెర్కా. సన్నగా ఉందని కాదు, తేలిక డ్రైవర్లకి ఇసుక సంచులు కట్టి బరువు సరిచేస్తారు. ఆ పిల్ల పాదం అలాంటిది. గుడ్డు మీద పెట్టినట్టు పెడుతుంది. అదే ఎండతో మిగతావాళ్ళు ఎనిమిది కిలోమీటర్లు పోతే, తను పది పోతుంది.

అది గురువారం పొద్దుటి మాట. ఇప్పుడు ఆ సీటు యెర్కాదో కాదో ఈ మధ్యాహ్నం తేలుతుంది.

గురువారం ఏం జరిగిందో చెప్పాలంటే నాకు ఇంకా తల వంగిపోతుంది. యెర్కా స్కూలుకి వెళ్ళగానే అమ్మ బండి మీద కప్పిన గుడ్డ తీసి చయ్యా చేసింది. నేను సంతనుంచి వచ్చేసరికి బల్లి పెళ్ళికూతురిలా ఉంది. ఒంటినిండా కాగితపు ముక్కలు, బీరులో తడిసి వాటి గులాబి రంగు పలకల మీదికి దిగింది. వైన్ ఎండలో ఆరి బంకలా పట్టింది. నాకు ఒళ్ళు మండింది. యెర్కా చూస్తే ఇల్లు పీకి పందిరి వేస్తుంది, అమ్మకి చీవాట్లు తప్పవు, గుట్టుగా కడిగేద్దామనుకున్నాను.

బకెట్టు నీళ్ళు, సబ్బు తెచ్చాను. గుడ్డతో పోలేదు. గిన్నెలు తోమే స్టీలు పీచు తెచ్చాను. స్టూలెక్కి బండి నడివీపు దాకా వంగి, గుండ్రంగా, గట్టిగా తోమాను. నేను అద్దమనుకున్నాను. అది అద్దం కాదు, పల్చటి పొర.

వైన్ ఏమీ చెయ్యలేదు. తడిగుడ్డ పెట్టి కాసేపు నానబెడితే అదే పోయేది. తొమ్మిది వందల వాట్లు ఇచ్చే పలకలు ఇప్పుడు ఆరు వందలు ఇస్తున్నాయి. ఆ మూడు వందలూ నా చేతుల్లో పోయాయి.

యెర్కా వచ్చి పలకల మీద చెయ్యి వేసి రాసి చూసుకుంది. "ఎవరు?" అంది. గొంతు కూడా పెంచలేదు. నేను నోరు తెరిచేలోపు అమ్మ బెంచీ మీదినుంచి, "నేనే పోశాను, నేనే తోమాను," అంది.

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. మూడు రోజులైంది.

ఇప్పుడు అమ్మ అదే బెంచీ మీద మూట పక్కన పెట్టుకుని కూచుంది. నేను వెళ్ళి పక్కన కూలబడ్డాను.

"అమ్మా, చెప్పేస్తాను."

"ఏం చెప్తావు?"

"తోమింది నేనని."

"నోర్మూసుకో."

"ఎందుకు మూసుకోవాలి? నా పాపం నువ్వు మోస్తుంటే—"

"నెమ్మదిగా మాట్లాడు, అది లోపలుంది." అమ్మ వంటింటి కిటికీ వైపు చూసింది. "నేను చెప్పేది విను. యెర్కాకి నామీద కోపం వస్తే నేను బస్సెక్కి మా ఊరు పోతాను. నాతోపాటే ఆ కోపమూ పోతుంది. నీ మీద కోపం వస్తే అది ఎక్కడికి పోవాలి? వాళ్ళమ్మ నెలలో సగం గని మీదే ఉంటుంది. ఆ పిల్లకి జడ వేసింది నువ్వు, జ్వరమొస్తే పక్కన కూచుంది నువ్వు. నీతో కూడా చెడితే దానికి ఇంట్లో ఎవరున్నారు?"

"అలాగని నిన్ను..."

"నేను ముసల్దాన్ని. మూఢనమ్మకాల ముసల్ది అంటే ఎవరైనా నమ్ముతారు." అమ్మ కొంచెం నవ్వింది. "పోశాను కూడాను. సగం నిజమే కదా."

నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. నిజం చెప్పాలంటే ఆ ఏడుపులో ఒక పాలు ఊరట కూడా ఉంది. నన్ను నోరు మూసుకోమని ఒకరు ఆజ్ఞాపించారు కదా, ఇక నా తప్పేముందని ఎక్కడో లోపల ఒక మాట అనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

గేటు చప్పుడైంది. యెర్కా వచ్చింది. వెనకాల దానిట్సా. దానిట్సా టీము కెప్టెన్. పొడుగ్గా, భుజాలు వెడల్పుగా ఉంటుంది. ఎప్పుడు చూసినా చంకలో ఒక నోటుపుస్తకం.

అమ్మ లేచి మూట వీపుకి కట్టుకుంది. గేటు సన్నటిది, ఇద్దరు పట్టరు. అమ్మ ఇటునుంచి, యెర్కా అటునుంచి వచ్చి ఎదురెదురుగా ఆగారు.

"వెళ్ళొస్తానమ్మా," అంది అమ్మ. "పొయ్యి మీద పతాస్కా ఉంది."

యెర్కా అమ్మమ్మ మొహంలోకి చూసింది. తర్వాత తల తిప్పి నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఏమన్నా అంటుందనుకున్నాను.

పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

అమ్మ వెళ్ళిపోయింది. బస్టాండు దాకా వస్తానంటే, "దారి నాకు తెలియదా," అని నన్ను గేటు దగ్గరే ఆపేసింది.

దానిట్సా బండి మీది గుడ్డ తీసి, మీటరు తగిలించి, మళ్ళీ ఒకసారి చూసింది. వీధిలో మిగతా పిల్లలు స్కూలు వ్యానులో కూచున్నారు. లోపలికి రాలేదు, రావడానికి మొహమాటపడ్డారు.

"ఆరు వందల పది," అంది దానిట్సా. "నిన్నటికన్నా పది ఎక్కువ."

"ఇవాళ గాలి లేదు, దుమ్ము తక్కువ. అంతే," అంది యెర్కా.

నలుగురం వంటింట్లో బల్ల చుట్టూ చేరాం. నోల్ఫా పతాస్కా నాలుగు పళ్ళేల్లో పోసింది. దానిట్సా మర్యాదకి రెండు చెంచాలు తింది. యెర్కా పళ్ళెం ముట్టుకోలేదు, కూచోలేదు కూడా. గోడకి ఆనుకుని నిలబడింది.

"చెప్పు," అంది దానిట్సాతో. "మా అమ్మ ముందే చెప్పు."

దానిట్సా నోటుపుస్తకం తెరిచి, మూసింది. "ఆంటీ, మా వర్క్‌షాపు గోడ మీద ఒక రూలు రాసుకున్నాం. బండి ఎవరి దగ్గరుండగా చెడితే వాళ్ళు సీటు దిగాలి. వాళ్ళు చేసినా, వాళ్ళింట్లో ఎవరు చేసినా."

"రూళ్ళు మనుషులు రాసుకునేవే," అంది నోల్ఫా. "ఎవరు రాశారు ఆ రూలు?"

"నేనే," అంది యెర్కా.

నోల్ఫా చెంచా కింద పెట్టింది.

"పోయినేడాది బాస్తియాన్ వాళ్ళ తమ్ముడు బ్యాటరీ కాల్చేశాడని బాస్తియాన్‌ని సీట్లోంచి దింపింది నేను. వాడు ఏడ్చాడు. అయినా దింపాను. గోడ మీద పెయింటుతో నేనే రాశాను. ఇప్పుడు నాకైతే చెరిపేయమంటావా?"

ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడ్డారంటే ఇదే. పడ్డ పిల్ల మాత్రం గోతిలో కూడా నిటారుగానే నిలబడింది.

"మరి ఎవరు తోలతారు?" అన్నాను నేను.

"ఒక బండికి ఒక డ్రైవరే. తనిఖీ దాకా మార్చుకోవచ్చు," అంది దానిట్సా. "ఈ ఏడాది యెర్కా కాక పందెం లైసెన్సు తీసుకున్నది నేనొక్కదాన్నే." తన కాలు వైపు చూసుకుంది. "నా పాదం బరువని నాకూ తెలుసు ఆంటీ. నన్ను అలా చూడకండి."

నోల్ఫా కుర్చీ వెనక్కి తోసి లేచింది. అంతసేపూ లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"ఈ ముసల్దాని వల్లే," అంది. "నా మొగుడు పోయినప్పుడు నన్ను కుళ్ళబొడిచింది చాలక ఇప్పుడు నా పిల్ల మీద పడింది. గని మీద పన్నెండు గంటలు తోలి వచ్చి పడుకుంటే, కళ్ళు మూసుకోగానే నాకు కనిపించేది ఒక్కటే, ఆ సీట్లో ఇది. దీన్ని చూసి వాళ్ళ నాన్న... వాళ్ళ నాన్న ఉంటే ఎంత..." ఆగి నీళ్ళు తాగింది. "చెయ్యాల్సింది చేసి, అంట్లు తోమినట్టు తోమి, మూట కట్టుకుని చక్కా పోయింది. మంచిదే. ఇక ఆవిడ ఈ గుమ్మం తొక్కకూడదు. నేనున్నంత కాలం తొక్కనివ్వను. అక్కా, నువ్వు కూడా విను, పండక్కి అని, ఒంట్లో బాలేదని, ఏ వంకన పిలిచినా—"

"తోమింది నేను," అన్నాను.

నోల్ఫా ఇంకా మాట్లాడుతూనే ఉంది. రెండోసారి అనాల్సి వచ్చింది.

"నోల్ఫా, తోమింది అమ్మ కాదు. నేను. స్టీలు పీచుతో. అమ్మ పోసింది వైన్ మాత్రమే, దాంతో ఏమీ చెడలేదు. చెడగొట్టింది నేను."

నోల్ఫా చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టింది.

"మూడు రోజులు..." అంది నోల్ఫా. వేళ్ళు లెక్కపెట్టినట్టు ముడిచింది. "నిన్నటినుంచీ ఆవిడ్ని నేను నోటికొచ్చినట్టు... నువ్వు పక్కన నిలబడి... నీకు నోరెలా మూసుకోబుద్ధయింది అక్కా?"

"మూసుకోమంది."

"నువ్వు పాలు తాగే పిల్లవా?"

దానిట్సా పళ్ళెంలోకి చూస్తూ కూచుంది. వెళ్ళిపోవాలో ఉండాలో తెలియని అవస్థ పాపం.

నేను యెర్కా వైపు తిరిగాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండుననిపించింది.

"నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"మొదటిరోజే తెలుసు. తోమిన గీతలు బండి నడివీపు మీద ఉన్నాయి. అమ్మమ్మ చెయ్యి భుజం దాటి లేవదు. జుట్టు కూడా తను దువ్వుకోలేదు. అక్కడిదాకా ఎలా అందుతుంది?"

బల్ల అంచు పట్టుకున్నాను.

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్తావేమోనని." ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని తడి లేదు. "గురువారం రాత్రి చెప్తావనుకున్నాను. శుక్రవారం పొద్దున్న చెప్తావనుకున్నాను. ఇందాక గేటు దగ్గర అయినా చెప్తావనుకున్నాను. అక్కడ నిన్నే చూస్తూ నిలబడ్డాను కదా. నాకు పలకల గురించి కోపం లేదు. పలకలు పోతే పోయాయి."

అప్పుడు నాకూ రోషం వచ్చింది. తప్పు చేసినవాళ్ళకి రోషమెక్కువ. "తెలిసి తెలిసి అమ్మమ్మని బస్సెక్కనిచ్చావే మరి? ఒక్క మాట అనుంటే ఆగిపోయేది కదా."

యెర్కా పెదవి కొరుక్కుంది. "ఎక్కనిచ్చాను," అంది చివరికి. "నువ్వు పట్టుబడాలని ఎక్కనిచ్చాను. మనిద్దరం కలిసే పంపాం."

ఆ మాటకి నోల్ఫా కూడా కూచుండిపోయింది. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళం ఉన్నాం. ముగ్గురం మూడు రకాలుగా ఆ ముసల్దాన్ని గేటు దాటించాం.

దానిట్సా పళ్ళెం పక్కకి జరిపింది. "ఆంటీ, తోమింది ఎవరైనా రూలు మారదు. నన్ను క్షమించండి." సంచిలోంచి యెర్కా డ్రైవర్ సూటు తీసి బల్ల మీద పెట్టింది. నిప్పంటుకోని బట్టతో నేను కుట్టిందే. రొమ్ము మీద పసుపు దారంతో బల్లి బొమ్మ కూడా నేనే కుట్టాను. "ఇది నాకు పట్టాలి. వేరే సూటు లేదు, ఈ బట్ట ఇప్పుడు ఊళ్ళో ఎక్కడా దొరకదు. సూటు ఒంటికి సరిపోకపోతే తనిఖీలో డ్రైవర్ని ఆపేస్తారు. రేపు తెల్లవారేసరికి వదులు చెయ్యగలరా?"

నేను సూటు దగ్గరికి లాక్కున్నాను. పక్క కుట్టు మీద బొటనవేలు ఆడించాను.

"కుట్టు లోపల బట్ట ఉంటేనే వదులవుతుంది," అన్నాను.

"నేను తెచ్చింది తక్కువ బట్టే. లోపల మిగల్లేదేమోనని మేం కూడా అనుకున్నాం." దానిట్సా తల దించుకుని పుస్తకం అట్ట గీరుతోంది. "మిగలకపోతే మేం చేసేదేం లేదు. అప్పుడు యెర్కాయే తోలాలి. గోడ మీద రాసింది అందరం కలిసి చెరిపేస్తాం. వ్యానులో మాట్లాడుకునే వచ్చాం. బాస్తియాన్ కూడా సరేనన్నాడు."

తల ఎత్తింది. ఆ మొహం ప్రాధేయపడుతోంది. లేదనండి ఆంటీ, అన్నట్టే ఉంది.

నోల్ఫా నన్ను చూస్తోంది. రెండు చేతులూ బల్ల మీద అదిమిపెట్టి చూస్తోంది. నా చెల్లెలు ఆరేళ్ళ తర్వాత నన్ను ఏదో ఒకటి అడుగుతోంది, నోరు తెరవకుండా.

పండగ గుంపులకి కుట్టి కుట్టి నాకో అలవాటు. ఎవరి బట్టయినా కుట్టు లోపల రెండు వేళ్ళ వెడల్పు మిగులుస్తాను. అమ్మవారికి పదేళ్ళు ఆడతానని మొక్కుకుంటారు, నడుము మాత్రం ఏడాదికోలా ఉంటుంది. ఈ సూటుకి బట్ట సరిపోనే లేదు. అయినా చెయ్యి ఊరుకోలేదు. జేబులు మానేసి, కాలరు తగ్గించి, రెండు పక్కలా రెండేసి వేళ్ళు మిగిల్చాను. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నా మిషను బల్ల కింద గుడ్డముక్కలతో ఆడుకుంటూ పెరిగిన యెర్కాకి తెలుసేమో నాకు తెలియదు.

ఒక్క మాట చాలు. లేదు. అంటే ఆ పిల్ల సీటు ఆ పిల్లకి ఉంటుంది. నేను పోగొట్టింది నేనే ఇచ్చినట్టవుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

యెర్కా గోడ దగ్గరే ఉంది. నన్నే చూస్తోంది. అరవడం లేదు, బతిమాలడం లేదు. మూడు రోజులుగా చూస్తున్న చూపే అది. కోపమని నేననుకున్న చూపు.

"ఉంది," అన్నాను. "రెండు పక్కలా రెండు వేళ్ళు ఉంది."

"అక్కా," అంది నోల్ఫా.

దానిట్సా కళ్ళు మూసుకుంది. ఆ పిల్లకి ఆ సీటు అక్కర్లేదని అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

నేను కుట్టుపెట్టె తెచ్చి, కుట్లు విప్పే చిన్న కత్తి తీశాను. మొదటి దారం దొరకలేదు. నా కుట్టు ఎంత గట్టిదో మొదటిసారి నాకే తెలిసొచ్చింది.

కుర్చీ జరిగిన చప్పుడైంది. యెర్కా నాకు ఎదురుగా కూచుంది. పెట్టెలోంచి రెండో కత్తి తీసుకుంది. సూటు ఎడమ పక్కని తన వైపు లాక్కుంది.

"ఇటువైపు నేను విప్పుతాను పెద్దమ్మా," అంది.

మూడు రోజుల్లో నన్ను అలా పిలవడం అదే మొదటిసారి. నాకు కళ్ళు కనపడలేదు, తుడుచుకున్నాను.

ఆ పిల్ల కత్తి మొదటి కుట్టు కింద దూర్చింది. దూర్చి ఆగిపోయింది. తల ఎత్తకుండానే అడిగింది. "అమ్మమ్మ బస్సు ఇప్పుడు ఎక్కడిదాకా పోయుంటుంది?"

నేను గడియారం చూశాను. మూడూ పది.

జవాబు చెప్పేలోపు నా వెనకాల, మేకుకి తగిలించిన మా ఇంటి వ్యాను తాళాలు నోల్ఫా తీసుకుంటున్న చప్పుడు వినిపించింది.